శీలావతి రక్తపు చుక్క, గుప్పెడు మినుములు

నేను ఒక గాజు పలకను. పలక అనగానే అ ఆ లు దిద్దుకునే పలక అనుకోకండి. మూడంగుళాల పొడవు, అంగుళం వెడల్పు, చేతి గోరుకన్నా కాస్త మందం. కాలేజీల్లో నన్ను స్లైడు అంటారు. సూక్ష్మదర్శిని కింద కదలకుండా పడుకోవడం నా ఉద్యోగం. దానికి కావలసిన అర్హత ఒక్కటే, అవతలి వైపు ఉన్నది ఉన్నట్టు కనపడనివ్వడం. మనుషుల్లో ఈ అర్హత కోరే ఉద్యోగాలు ఎన్ని ఉన్నాయో నేను కనుక్కోలేదు.

నాతో పాటు కొలిమిలో కరిగిన ఇసుకలో కొంత కిటికీ అద్దమైంది, కొంత పచ్చడి సీసా అయింది. నేను మాత్రం నలభై తొమ్మిది మంది తోబుట్టువులతో ఓ అట్టపెట్టెలో సర్దుకుని, ఏలూరులో ఒక ఆడపిల్లల కాలేజీ జువాలజీ ల్యాబు చేరాను. మాలో ఒకరి మీద చీమ కాలు పడుకుంది, ఇంకొకరి మీద బొద్దింక మూతి. వాళ్లను చూసి నా నుదుట ఏం రాసుందో అని దిగులు పడుతూ రెండేళ్లు గడిపాను.

నా నుదుట చేప రాసి ఉంది.

ఓ ఆగస్టు మధ్యాహ్నం అటెండరు ఇత్తడి బిందెలో బతికున్న శీలావతిని తెచ్చాడు. శీలావతి అంటే ఈ వైపు చెరువుల్లో ఎక్కువగా పెంచే చేప. ల్యాబులో పాఠం చెప్పే రుక్మాబాయి మేడం బిందె నీళ్లలో నాలుగు చుక్కల లవంగ నూనె వేసింది. చేప మత్తుగా ఒరిగాక, తోక దగ్గర సూది గుచ్చి రక్తం తీసింది. సూదిని అంతకుముందే రక్తం గడ్డకట్టనివ్వని మందుతో తడిపి ఉంచుకుంది. చేప రక్తానికి మనిషి రక్తమంత ఓపిక లేదు, మాట్లాడుతూ కూర్చుంటే గడ్డకట్టేస్తుంది.

ఒక్క చుక్క నా మీద పడింది. దాన్ని ఇంకో పలక అంచుతో తాకి ముందుకు నెట్టాలి. వంతు మంగతాయారు అనే అమ్మాయికి వచ్చింది. అప్పటిదాకా మిగతా పిల్లలు వేసిన పూతలు దిబ్బరొట్టెల్లా వచ్చాయి. మంగతాయారు పూతరేకు తీసినట్టు తీసింది. ఆరబెట్టి, ఊదా రంగు మందు పోసి, కొంతసేపటికి నీళ్లు కలిపి, కడిగి నన్ను సూక్ష్మదర్శిని కింద పెట్టారు.

నా ఒంటి మీద ఏముందో నాకు అప్పుడే తెలిసింది, ఎందుకంటే మేడం పైకి చదువుతూ పోయింది. నిండా గులాబీ రంగు కోడిగుడ్ల లాంటి ఎర్రకణాలు, ప్రతి గుడ్డు మధ్యలో నల్లసొన లాంటి కేంద్రకం. మనిషి ఎర్రకణానికి ఈ సొన ఉండదు, పుట్టేలోపే పారేసుకుంటుంది. చేప దేన్నీ పారేసుకోదు. ఈ గుడ్ల మధ్య అక్కడొకటి ఇక్కడొకటిగా తెల్లకణాలు.

"వంద తెల్లకణాలు లెక్కపెట్టి, ఏ రకం ఎన్నో చెప్పండి" అంది మేడం.

లెక్కపెట్టే యంత్రం కాలేజీలో ఒక్కటే ఉండేది, అదీ పనిచేసేది కాదు. అందుకని రుక్మాబాయి మేడం తన ఇంటి నుంచి దినుసులు తెచ్చేది. కంటితో కణాన్ని చూడాలి, చేత్తో గింజను గిన్నెలో వెయ్యాలి. లింఫోసైటు కనపడితే మినపగింజ. అది చిన్నది, గుండ్రటిది, నల్లటి కేంద్రకమే కణమంతా ఆక్రమించి చుట్టూ సన్నటి నీలి అంచు మిగులుతుంది. చేపలో ఎక్కువ మంది వీళ్లే, పాత శత్రువుల ముఖాలు గుర్తుపెట్టుకునే వాళ్లు. న్యూట్రోఫిలు కనపడితే పెసరగింజ. దాని కేంద్రకం ఓ పక్కకు ఒదిగి ఉంటుంది, ఒక్కోసారి నడుము దగ్గర నొక్కినట్టుంటుంది. ఒంట్లో ఎక్కడ గొడవైనా ముందు పరిగెత్తేది ఇదే. పెద్ద కణం, బూడిద నీలం ఒళ్లు, మూత్రపిండం ఆకారంలో కేంద్రకం ఉంటే మోనోసైటు, దానికి బొబ్బరగింజ. గింజ ఆకారమూ అదే కనుక ఆ పిల్లలు పరీక్షలో దాన్ని ఎప్పుడూ మరిచిపోలేదు. కణం నిండా నారింజ రంగు రవ్వలుంటే ఇయోసినోఫిలు, కందిపప్పు. అది చుట్టపుచూపుగా వస్తుంది. బేసోఫిలు అనే ఇంకొకటి ఉందని పుస్తకంలో ఉంది, దాని కోసం మేడం ఆవాలు కూడా తెచ్చేది కానీ ఆ పొట్లం నేనున్నన్నాళ్లూ విప్పలేదు.

ఇక బియ్యపుగింజ. కదురు ఆకారంలో రెండు కొసలూ సన్నగా ఉండే కణాలకు అది. వాటిని త్రాంబోసైట్లు అంటారు. గాయమైతే రక్తం గడ్డకట్టించేవి ఇవే. వీటిని వందలో కలపకుండా వేరే గిన్నెలో వెయ్యాలి.

అరగంట తర్వాత మంగతాయారు గిన్నె చూసి మేడం కళ్లద్దాలు పైకి నెట్టుకుంది.

"ఇన్ని మినుములేంటి అమ్మాయ్? గారెలేమైనా వేస్తున్నామా?"

పిల్లలు నవ్వారు.

"లింఫోసైట్లేనండీ. తొంభై ఒకటి వచ్చాయండీ."

"బియ్యం గిన్నె ఖాళీగా ఉందేం మరి?"

"అవి కనపళ్లేదండీ."

మేడం వంగి చూసింది. "ఇదిగో, ఇక్కడ నాలుగు గుంపుగా ఉన్నాయి చూడు. లింఫోసైట్లు ఇలా ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయా? కొసలు చూశావా అసలు? మధ్యలో నల్లచుక్క కనపడగానే తెల్లకణం అనేశావు. కేంద్రకం ఉన్నదల్లా తెల్లకణం అయితే ఈ చేప ఒళ్లంతా తెల్లకణాలే. కూర్చో, మొదట్నుంచి మళ్లీ."

సాయంత్రం కాలేజీ గేటు మూసే వేళకు గిన్నెలో డెబ్భై ఆరు మినుములు, పదిహేడు పెసలు, ఆరు బొబ్బర్లు, ఒక కందిపప్పు తేలాయి. మంగతాయారు కళ్లు ఎర్రబడ్డాయి. చేప మాత్రం అప్పటికే అటెండరు ఇంట్లో పులుసులో ఉంది.

ఆ ఏడాది చివర స్లైడ్లు తిరిగి అప్పగించేటప్పుడు మంగతాయారు పెట్టెలో ఒకటి తక్కువొచ్చింది. మేడం ఆ అమ్మాయి ముఖం చూసింది, ఆమె గట్టిగా పట్టుకున్న పెన్నుల డబ్బా చూసింది, పగిలిన వస్తువుల రిజిస్టరు తెరిచింది. 'రక్తపు పూత, శీలావతి, ఒకటి, పగిలినది' అని రాసి సంతకం చేసింది. అలా నేను ప్రభుత్వ లెక్క ప్రకారం పగిలిపోయి ముప్పై ఎనిమిదేళ్లయింది. ఆరోగ్యం బాగానే ఉంది.

తర్వాతి కాపురం బీరువాలో, పట్టుచీర మడతలో, ఆ పెన్నుల డబ్బాలోనే. కొల్లేటి గట్టు దగ్గర గుమ్మళ్లలంక అనే ఊరు. చీకటిలో ఉండటం నాకు మేలే చేసింది, వెలుగు తగిలితే నా రంగులు వెలిసిపోయేవి. ఏడాదికోసారి చీరలు ఎండకు వేసేటప్పుడు మంగతాయారు నన్ను తీసి, నీడలో పట్టుకుని ఓసారి చూసి, మళ్లీ పెట్టేది. పెళ్లయిన కొత్తలో ఆమె భర్త అడిగాడు.

"ఏంటది, అద్దం ముక్కా? పారేయకపోయావా?"

"మీ కాలేజీ కబడ్డీ కప్పు పారేస్తే ఇదీ పారేస్తాను."

ఆ కప్పులో ఆయన ఇప్పటికీ గడ్డం గీసుకునే బ్రష్షు పెట్టుకుంటాడు. నా ఊసు మళ్లీ ఎత్తలేదు.

మొన్న వానాకాలం చివర్లో ఓ ఉదయం ఏడింటికి మంగతాయారు వంటింట్లో ఉండగా వరహాలమ్మ ఏడుస్తూ వచ్చింది. వరహాలమ్మ ఆమెకు పినతల్లి కూతురు. పాతికేళ్లు ఇతరుల చెరువు గట్ల మీద చేపలు ఏరి ఐసులో సర్దిన మనిషి. ఈ ఏడు మొదటిసారి ఆరెకరాల చెరువు తన పేరున కౌలుకి తీసుకుంది. 'ఆడది చెరువు సేత్తాదంట' అని టీ బడ్డీ దగ్గర నవ్విన వాళ్లు ఇంకా నవ్వు ఆపలేదు. ఈ పంట పోతే చెరువు పోతుంది, ఆమె మళ్లీ ఐసు గంపల దగ్గరికి పోవాలి.

"తాయారక్కా, నా సేపలకి బ్లడ్డు క్యాన్సరంట!"

మంగతాయారు పొయ్యి కట్టేసింది. "ఎవరన్నారే?"

"మిసను అందక్కా. ఇదిగో కాయితం."

జరిగింది ఇది. నాలుగు రోజులుగా చేపలు తెల్లవారేసరికి నీటి పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. నిన్న పదకొండు చచ్చి తేలాయి. చేపలకు పరీక్షలు చేసే ల్యాబుకి, వాళ్లింట్లో పెళ్లని మూడు రోజులు తాళం వేశారు. వరహాలమ్మ ఆగలేక, నిన్న సాయంత్రమే బతికున్న చేపను బకెట్లో పెట్టుకుని మనుషుల రక్తపరీక్షల సెంటరుకి వెళ్లింది. అక్కడి ఇమ్మానుయేలు గారు వద్దు వద్దంటూనే, ఆమె ఏడుపు చూడలేక, కొత్తగా కొన్న మెషీనులో చేప రక్తం పెట్టాడు. పేరు కొట్టనిదే మెషీను కదలదు. అందుకని కాగితం మీద 'పేషెంటు: శీలావతి. వయసు: 1. స్త్రీ' అని ఉంది. దాని కింద తెల్లకణాలు రెండు లక్షల ఎనభై వేలు, పక్కన నాలుగు నక్షత్రాలు. ఉండవలసింది నాలుగు వేల నుంచి పదకొండు వేలు అని కూడా ఉంది.

"మనిషికైతే ఈ అంకె సూసి గంటలో పెద్దాసుపత్రికి పంపేవోణ్ణి అన్నారక్కా ఇమ్మానుయేలు గారు. రోగం ముదిరి అన్నీ పోయేలోపు అమ్మేసుకో అన్నాడు సేపల మందుల కొట్టాయన. వలోళ్లకి కబురెట్టేశాను. పదకొండింటికి దిగుతారు. ఐసు లారీ బయల్దేరిపోయింది."

"చేప ఎంతుందిప్పుడు?"

"అరకిలో దాటిందంతే. మూడు నెలలాగితే కిలో పైన తూగేవి." వరహాలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంత సన్నపీసు సేపని పట్టి అమ్మితే గట్టు మీద అందరూ నవ్వుతారక్కా."

మంగతాయారు ఆ కాగితాన్ని దూరంగా పెట్టి ఒకసారి, దగ్గరగా పెట్టి ఒకసారి చదివింది. తర్వాత బీరువా తెరిచింది. నన్ను తీసింది. ఇంకో చేత్తో పోపుల డబ్బా పక్కనున్న అరలోంచి ఏవో గింజలు కాగితం పొట్లాల్లో కట్టింది, పంటినొప్పికి ఉంచుకున్న లవంగ నూనె సీసా సంచిలో వేసింది.

"పద. దారిలో చెరువు దగ్గర ఆగి, బతికున్న చేపనొకదాన్ని బకెట్లో పట్టు."

ఇన్నేళ్ల తర్వాత నేను గడప దాటి బయటి వెలుగు చూడటం అదే. ఆటోలో వెళ్లాను.

ఇమ్మానుయేలు గారికి యాభై దాటాయి. ఆయన మెషీను మీద పట్టుగుడ్డ కప్పి, పూలదండ వేసి ఉంది. సూక్ష్మదర్శిని మాత్రం మూలన, ప్లాస్టిక్ కవరు కింద, నాలాగే రిటైరై ఉంది.

"ఇమ్మానుయేలు గారూ, మీ మైక్రోస్కోపు ఒక గంట ఇస్తారా?"

"దేనికండీ అమ్మగారూ? ఇందులో రెండు నిమిషాల్లో వచ్చేత్తుంది కదండీ." ఆయన మెషీను నెత్తి మీద ప్రేమగా తట్టాడు.

"అందులోంచి వచ్చిందానికే వచ్చామండీ."

ఆమె నన్ను సూక్ష్మదర్శిని కింద పెట్టి, పక్కకు జరిగి, ఆయన్ని చూడమంది. ఆయన కన్ను పెట్టాడు. స్క్రూ అటూ ఇటూ తిప్పాడు. ఇన్నేళ్లకు ఒక కన్ను నాలోకి దిగితే నాకు గిలిగింతలు పెట్టినట్టయింది.

"ఇదెవరిదండీ?"

"శీలావతిది. బాగా ఆరోగ్యంగా ఉన్న చేప. ఆ సాయంత్రమే పులుసైపోయింది, రోగంతో కాదు. ఎర్రకణాలు చూడండి."

"అన్నిట్లోనూ కేంద్రకం ఉందేంటండీ! అప్పుడే పుట్టిన పిల్లల రక్తంలో ఎప్పుడన్నా ఒకటో రెండో కనపడతాయి గానీ…" ఆయన ఆగాడు. తల పైకెత్తి మెషీను వైపు చూశాడు. మళ్లీ వంగి నన్ను చూశాడు. "అయ్యబాబోయ్."

"మీ మెషీను ఎర్రకణాల్ని ఎలా పక్కన పెడుతుందండీ?"

"ఓ మందు పోసి కరిగించేత్తదండీ. కేంద్రకంతో మిగిలినదాన్నల్లా తెల్లకణం అని లెక్కెట్టేత్తది."

"చేప ఎర్రకణం కరిగినా కేంద్రకం మిగులుతుంది కదండీ."

వరహాలమ్మకు ఓపిక లేదు. "ఏంటక్కా? ఏవంటున్నారు?"

ఇమ్మానుయేలు గారు కుర్చీలో కూలబడ్డాడు. "ఏవంటానమ్మా, మీ చేపల ఎర్రరక్తాన్నంతా నా మెషీను తెల్లరక్తం కింద రాసేసింది. నక్షత్రాలెడితే రోగం ముదిరిందనుకున్నాను గానీ, నాకు తెలీట్లేదు మొర్రో అని అది మొత్తుకుంటోందని అనుకోలేదు."

"అయితే క్యాన్సరు లేదా?"

"లేదనీ ఈ కాగితం చెప్పదు, ఉందనీ చెప్పదు" అంది మంగతాయారు. "బకెట్టు ఇలా తే."

నేనెప్పుడూ మనుషుల తొందరపాటునే చూశాను గానీ, తొందరలో కూడా తొందరపడని మనిషిని ఆ రోజు చూశాను. టైము తొమ్మిదింబావు. ఆమె లవంగ నూనె చుక్కలు లెక్కపెట్టి వేసింది. చేప ఒరిగాక మొప్పలెత్తి చూసింది, ఎర్రగా ఉన్నాయి. పొలుసుల మీద పుండు లేదు, పేను లేదు. ఇమ్మానుయేలు గారు రక్తం తీశాడు, తోక దగ్గర ఎక్కడ గుచ్చాలో ఆమె చూపించింది. కొత్త పలక మీద పూత ఆమే తీసింది. ఈసారీ పూతరేకులాగే వచ్చింది. రంగు మందు సెంటర్లో ఉంది, మలేరియా పరీక్షలకు వాడేది. రంగు పట్టేలోపు వరహాలమ్మ మూడుసార్లు బయటికెళ్లి రోడ్డు చూసొచ్చింది, లారీ వచ్చేసిందేమోనని.

ఆ కొత్త పలకను నా పక్కన పెట్టారు. మంగతాయారు బల్ల మీద పొట్లాలు విప్పింది. మినుములు, పెసలు, బొబ్బర్లు, కందిపప్పు, బియ్యం.

"వంటేంటండీ ఇప్పుడు?" అన్నాడు ఇమ్మానుయేలు గారు.

"మా మేడం మెషీను ఇదే."

ఆమె కన్ను సూక్ష్మదర్శినిలో, చెయ్యి గింజల్లో. వరహాలమ్మ గిన్నెలో పడే ప్రతి గింజనూ కొడుకు పరీక్ష ఫలితంలా చూసింది. వరుసగా రెండు పెసలు పడితే భయపడింది, మినుము పడితే తెరిపిన పడింది. ఒకచోట మంగతాయారు చెయ్యి మినుముల మీదికి వెళ్లి ఆగింది. స్క్రూ తిప్పి మళ్లీ చూసి, బియ్యపుగింజ తీసి వేరే గిన్నెలో వేసింది. ఎక్కడ ఆగిందో నాకు తెలుసు. నా మీదే ఒకప్పుడు అలాంటి చోట తప్పు చేసింది.

యాభై ఎనిమిది మినుములు. ముప్పై ఐదు పెసలు. ఏడు బొబ్బర్లు.

"చెప్పక్కా" అంది వరహాలమ్మ.

"వింత కణాలేం లేవు. క్యాన్సరైతే ఎదగని పిల్లకణాలు విరగబడి రావాలి, రాలేదు. మినుములు తగ్గాయి, పెసలు పెరిగాయి. అంటే చేపకి ఇబ్బందిగా ఉంది, నాలుగు రోజుల్నుంచి గాభరా పడుతోంది. రక్తం చెప్పేది అంతవరకే. ఇబ్బంది ఏంటో నీ చెరువునడగాలి. ఎండ ఎప్పుడు చూశావు?"

"ఎండేదక్కా, ముసురే కదా వారం నుంచీ."

"మేత?"

"మేతకేం లోటు సెయ్యలేదు." వరహాలమ్మ ఈ మాట కొంచెం గర్వంగానే అంది. "నీరసంగా ఉన్నాయని తవుడు సంచులు ఇంకో ఆరు ఎక్కువ కట్టించాను."

మంగతాయారు కళ్లు మూసుకుంది. ఒంట్లో బాగోలేదంటే ఇంకో ముద్ద తినమని కుక్కే చేతులు ఈ దేశంలో ఎన్నో! కర్రలకు కట్టిన ఆ చిల్లుల సంచుల్లోంచి కారిన తవుడు తినే నాథుడు లేక అడుగున కుళ్లింది. ఎండ లేక నీటిలోని నాచుకు ప్రాణవాయువు సరిగా పుట్టలేదు, పుట్టిన కాస్తా కుళ్లు తినేసింది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచింది గాలి కోసం.

"నేనే సంపుకున్నానా అయితే?"

"ఇంకా చంపలేదు. సంచులన్నీ విప్పించు. ఇంజను పెట్టి కాలవ నీళ్లు పైనుంచి ధారగా పడేలా తోడించు, పాత నీళ్లు అడుగునుంచి పోనీ. వల దింపితే ఈ గాభరాలో బురద రేగి సగం అక్కడే పోతాయి. అయితే వరాలూ, నేను చూసింది ఒక్క చేపని. గ్యారంటీ ఇవ్వలేను. చెరువు నీది, మాట నీది."

గోడ గడియారం పదింబావు చూపిస్తోంది. వరహాలమ్మ ఫోను తీసింది. ఒకసారి నా వైపు, ఒకసారి కొత్త పలక వైపు, ఒకసారి పప్పుగింజల వైపు చూసింది. రోడ్డు మీద లారీ హారన్ వినపడింది. అది ఎవరి లారీయో.

"మేస్త్రీ, వల దింపొద్దు" అంది ఫోన్లో, వలవాళ్ల పెద్దతో. అవతలి గొంతు ఏదో అరిచింది. "నవ్వుకోనీ. వచ్చినోళ్లందరికీ టిఫిన్లెట్టించి పంపెయ్. ఆ తవుడు సంచులు మాత్రం విప్పి గట్టున పడేయించు."

ఆ మర్నాడు ఇంకో పద్దెనిమిది చచ్చాయి. వరహాలమ్మ అన్నం మానేసింది. ఆ తర్వాత రోజు అయిదు. నాలుగో రోజు మబ్బు చెదిరి ఎండ కాసింది, తెల్లవారుజామున నీటి మీద ఒక్క నోరూ తేలలేదు. ఇవన్నీ నాకు ఫోన్ల మీదుగా తెలిశాయి, ఎందుకంటే మంగతాయారు నన్ను ఇంకా బీరువాలో పెట్టలేదు, ఫోను పక్కనే పెట్టుకుంది.

ఆ వారాంతానికి ఇమ్మానుయేలు గారు ఇంటికొచ్చాడు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, మొహమాటపడుతూ అడిగాడు.

"ఆ పాత స్లైడు నాకిత్తారా అమ్మగారూ? మెషీను పక్కన పెట్టుకుంటానండీ. ఎప్పుడన్నా తెలివెక్కువైతే చూసుకోడానికి."

ఆమె పెన్నుల డబ్బా మూత తెరిచింది, మూసింది.

"ఎండ తగలనివ్వకండి" అని ఇచ్చేసింది.

ఇప్పుడు నా కాపురం రక్తపరీక్షల సెంటర్లో, పూలదండ వేసుకున్న మెషీను పక్కన, చిన్న చెక్కపెట్టెలో. మూత మీద ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు: 'ఈ మెషీను మనుషులకు మాత్రమే. ఇతరులు మైక్రోస్కోపు దగ్గరికి రావలెను.' ఇతరులు అంటే చేపలు. రుక్మాబాయి మేడం రిజిస్టరులో పగిలిపోయిన నాకు ఇంతకన్నా మంచి మ్యూజియం దొరుకుతుందనుకోను. సూక్ష్మదర్శిని మీద కవరు కూడా తీసేశారు. దాని పక్కన ఒక సీసాలో మినుములు, ఒక సీసాలో పెసలు. పరీక్షకు వచ్చిన పేషెంట్లు వాటిని చూసి ఇక్కడ భోజనం కూడా పెడతారా అని అడుగుతుంటారు.

సంక్రాంతి దాటి నెలయ్యాక ఓ పొద్దున్న వరహాలమ్మ వచ్చింది. చేతిలో బకెట్టు. అందులో కిలో పైన తూగే శీలావతి ఒకటి, తోకతో బకెట్టు అంచును ఠపఠప కొడుతోంది. ఇమ్మానుయేలు గారు కంగారుగా లేచి, నా పెట్టె మూత తీసి, సూక్ష్మదర్శిని లైటు వేశాడు.

"మళ్లీ ఏవొచ్చిందమ్మా దీనికి?"

"దీనికేం రాలేదండి" అంది వరహాలమ్మ, బకెట్టు ఆయన ముందు పెడుతూ. "చెరువు పట్టుబడయ్యింది, అన్నీ కిలో పైనే తూగాయి. కూరొండుకోండి."

ఆయన లైటు ఆర్పేశాడు. ఈసారి మెషీనులో శీలావతి పేరు ఎవరూ కొట్టలేదు.